మూడుసార్లు ఆగిన మోత

"ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి మీరెక్కడున్నారు?"

డిటెక్టివ్ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. అపార్టుమెంటు మేనేజరు మూడోసారి కూడా చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"చెప్పాను కదా మేడమ్. పైన హాల్లో ఉన్నాను. ఫ్లాట్ల ఓనర్ల మీటింగు. కుర్చీలు వేయించడం, మంచినీళ్లు పెట్టించడం, మైకు..."

"ఇరవై మందికి మైకు దేనికండీ?"

"కింద ఆ మిషన్ మోతకి మాట వినపడక..." అని, మిగతా మాట మింగేశాడు.

"పొద్దున నాతో ఏ మోతా వినలేదన్నారు."

మేనేజరు నేలచూపులు చూశాడు. రెండు రోజుల కిందట ఒక మనిషి ప్రాణం పోయింది వాళ్లు నిలబడ్డ ఆ సెల్లార్ నేల మీదే. ఆ సంగతి గుర్తొచ్చిందో ఏమో, చూపు గోడ మీదికి మార్చుకున్నాడు. డిటెక్టివ్‌కి ఒళ్లు మండింది. అబద్ధం చెప్పేవాళ్లని ఆమె భరించగలదు, అది వాళ్ల అవసరం. కానీ చచ్చిపోయినవాడు తన గుమ్మం ముందు చెత్త పారేసి పోయినట్టు ముఖం పెట్టేవాళ్లని చూస్తే ఆమెకి చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

జరిగింది చిన్న కథే. ప్రెషర్ మిషన్‌తో నేలలూ గోడలూ కడిగే బావా బావమరుదులు ఇద్దరు ఆదివారం ఈ సెల్లార్ కడగడానికి వచ్చారు. బావ లోపల నీళ్లు చిమ్మే గన్ పట్టుకుని కడుగుతాడు. బావమరిది బయట, ర్యాంపు పైన, పెట్రోలు ఇంజను దగ్గర ఉంటాడు. వీడు ఎప్పుడూ భుజాన గొట్టాల చుట్టతో తిరుగుతాడు కాబట్టి అందరూ 'పైపు' అని పిలుస్తారు. పెట్రోలు ఇంజన్ని కప్పు కింద పెట్టకూడదన్నది ఆ పనిలో మొదటి నియమం. దాని పొగలో ఉండే విషానికి వాసన ఉండదు. ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత కాళ్లలో సత్తువ పోతుంది, ఆ తర్వాత మనిషే పోతాడు. ఆ రోజు తొమ్మిదింటికి షట్టర్ ఎత్తి చూస్తే ఇంజను సెల్లార్ లోపల ఉంది, బావ చివరి గోడ దగ్గర చచ్చి పడి ఉన్నాడు. ఇంజను లోపలికి తోసి షట్టర్ దించింది పైపేనని, ఇది కావాలని చేసిన హత్యేనని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. ఈ సాయంత్రం ఐదింటికి పైపుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టబోతున్నాడు.

మొగుడు పోయి మూడు రోజులు కాకుండానే తమ్ముడు జైలుకి పోతున్నాడని తెలిసి, చనిపోయినవాడి భార్య ఇవాళ తెల్లారగానే వచ్చి డిటెక్టివ్ ఇంటి మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. "నా తమ్ముడు ఆ పని చెయ్యడు. చేసినవాళ్లెవరో చూపించండి," అంది, అంతే.

ఇప్పుడు టైము మూడూ పది.

డిటెక్టివ్ పదిహేనేళ్లు ఫ్యాక్టరీల తనిఖీ శాఖలో పనిచేసింది. ఎవరి నిర్లక్ష్యం వల్ల ఎవరు చచ్చారో విడమరిచి రాసిన ఆమె రిపోర్టులన్నీ అటకెక్కాయి. విసుగెత్తి ఉద్యోగం వదిలేసి సొంతంగా ఈ పని పెట్టుకుంది. వయసు యాభై దాటినా, మోకాళ్లు మొరాయిస్తున్నా, ఆధారం కోసం నేల మీద పాకడానికి సిగ్గుపడదు. మేనేజర్ని అక్కడే నిలబెట్టి, టార్చి వెలిగించుకుని కిందికి వంగింది.

సెల్లార్‌లో కార్లు నిలపడానికి గీతలు గీసిన గడులు పన్నెండు. షట్టర్ దగ్గర్నించి ఎనిమిది గడులు కడిగి ఉన్నాయి, సిమెంటు తెల్లగా బయటపడింది. తొమ్మిదోది సగంలో ఆగింది. మిగతా మూడూ నూనె మరకలతో నల్లగా ఉన్నాయి. పోలీసులు తాడు కట్టి ఉంచిన మిషన్ ఆరో గడిలో, స్తంభానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది. షట్టర్ నుంచి అక్కడిదాకా రెండు చక్రాల మట్టి గీతలు, ఎండిపోయి, శుభ్రమైన నేల మీద పడి ఉన్నాయి. గీతలు తిన్నగా లేవు. స్తంభానికి అరచేయంత పెచ్చు ఊడింది.

ఆమె ఆ గీతల్ని వేలితో రాస్తూ ఉండగానే వెనక బూట్ల చప్పుడు వినిపించింది.

"పోలీసులు సీలు వేసిన చోట మీకేం పని మేడమ్?"

ఇన్‌స్పెక్టర్. అతని వెనక హెడ్ కానిస్టేబులు, బేడీలతో పైపు. పంచనామా కోసం తీసుకొచ్చినట్టున్నారు. మూడేళ్ల కిందట ఒక బాయిలర్ కేసులో ఇతను అరెస్టు చేసినవాణ్ణి డిటెక్టివ్ నిర్దోషిగా బయటికి తీసుకొచ్చింది. అప్పట్నించీ ఆమె మీద కారాలూ మిరియాలూ నూరుతున్నాడు.

"ఓనర్ల సంఘం సెక్రటరీ అనుమతి కాగితం ఇచ్చారు. చదువుకుంటారా?"

"అక్కర్లేదు. నా దగ్గరా ఒక కాగితం ఉంది, మీరే చదవండి." జేబులోంచి తీసి ఆమె ముఖం ముందు ఆడించాడు. "వీళ్లు పనిచేసే క్లీనింగు కంపెనీ ఇచ్చింది. ఇంజను మూసిన చోట నడపరాదు, ప్రాణాపాయం. కింద వీడి సంతకం. తెలిసి చేశాడు. తెలిసి చేస్తే దాన్నేమంటారో మీకు చెప్పాలా?"

డిటెక్టివ్ కాగితం లాక్కుని చూసింది. పన్నెండు నియమాలు, అన్నిటికీ కలిపి ఒకటే సంతకం. తేదీ పైపు పనిలో చేరిన రోజుది.

"ఇందులో గాలిలో విషం పసిగట్టే అలారం ఇస్తామని రాసుంది. ఇచ్చారా?" అని పైపుని అడిగింది.

"అదెలా ఉంటుందో కూడా తెలీదు మేడమ్."

"మనిషిని ఒంటరిగా వదలరాదని రాసుంది. మూడో మనిషిని అడిగారా?"

"రెండుసార్లు అడిగాం. ఇద్దరికే పని లేదు, నచ్చకపోతే మానెయ్యండి అన్నాడు మా కంపెనీ ఓనరు."

"చూశారా ఇన్‌స్పెక్టర్‌గారూ. ఈ కాగితం మనిషిని కాపాడ్డానికి రాసింది కాదు. మనిషి చచ్చాక పక్కవాడి మెడకి చుట్టడానికి రాసింది. మీరు చక్కగా చుడుతున్నారు."

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. "ఉపన్యాసాలొద్దు. ఐదింటికి నేను కోర్టులో ఉండాలి."

"నాకు పది నిమిషాలు చాలు." ఆమె పైపు వైపు తిరిగింది. నలభై ఏళ్ల మనిషి, రెండు రోజుల్లో పదేళ్లు పెద్దవాడైపోయినట్టున్నాడు. "ఎన్నింటికి మొదలెట్టారు?"

"ఎనిమిదీ ఐదుకి. వాచ్‌మన్ షట్టర్ ఎత్తగానే."

"ఎటునించి ఎటు కడుగుతారు?"

"షట్టర్ నించి లోపలికి. మురుగు కాలవ ఆ చివర ఉంది. మురికిని అటు తోసుకుంటూ పోవాలి."

"నువ్వెప్పుడు వెళ్లావు?"

"ఎనిమిదింబావుకి. గన్ జాయింటు దగ్గర నీళ్లు కారుతున్నాయి, రబ్బరు వాషర్ అరిగిపోయింది. నిన్ననే తెమ్మన్నా కదరా అని బావ తిట్టాడు. నేనూ ఒక మాట అన్నాను. మేం పోట్లాడుకున్నామని వాచ్‌మన్ చెప్పింది అదే. ఇరవయ్యేళ్లుగా రోజూ తిట్టుకుంటున్నాం మేడమ్. మాకది పలకరింపు."

"ఇంజను ఎక్కడ వదిలావు?"

"ర్యాంపు పైన, పూలమొక్కల మట్టిలో. పొగ రోడ్డు వైపు పోయేలా తిప్పి పెట్టాను."

డిటెక్టివ్ లేచి, చీర కుచ్చిళ్లకి అంటిన మట్టి దులుపుకుంది. "ఇప్పుడు మీరు వినండి ఇన్‌స్పెక్టర్‌గారూ. ఈ చక్రాల గీతలు పూలమొక్కల మట్టి. కడిగిన నేల పైన పడ్డాయి. ముందు పడి ఉంటే నీళ్లకి కొట్టుకుపోయేవి. ఆరో గడిలో కూడా కడిగిన నేల మీదే ఉన్నాయి. అంటే ఆరు గడులు కడగడం అయ్యాకే మిషన్ లోపలికొచ్చింది. ఒక్కో గడికి నాలుగు నిమిషాలు. ఎనిమిదీ ఐదుకి ఇరవైనాలుగు కలపండి."

"నాలుగు నిమిషాలని ఎవరు చెప్పారు? వీడా?"

"నా వాచీ. ఇదే కంపెనీవాళ్లు ఇవాళ పొద్దున ఇంకో చోట కడుగుతుంటే పక్కన నిలబడి ఎనిమిది గడులు కొలిచాను. ఒక్కటీ మూడున్నరకి తగ్గలేదు. మీ మాట కాదనడం ఎందుకు, మూడున్నరే వేసుకోండి. ఎనిమిదీ ఇరవయ్యారు. అప్పటికి వీడెక్కడున్నాడు? గేటు రిజిస్టర్లో ఎనిమిదీ పదిహేనుకి బయటికి, ఎనిమిదీ యాభైయేడుకి లోపలికి. హార్డ్‌వేర్ షాపువాడి బిల్లు ఎనిమిదీ నలభై ఒకటి. మీరు ఈ రిజిస్టర్ తిప్పి చూశారా, లేక చూసి మూసేశారా?"

"తిరిగొచ్చాక తోసి ఉండొచ్చు."

"మూడు నిమిషాల్లోనా? తొమ్మిదింటికి వాచ్‌మన్ చూసేసరికి మనిషిలో ప్రాణం లేదు. మూడు నిమిషాల పొగకి ఎవరూ చావరు."

హెడ్ కానిస్టేబులు గొంతు సవరించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అతని వైపు చూసిన చూపుకి మళ్లీ బిగుసుకుపోయాడు.

డిటెక్టివ్ మిషన్ దగ్గరికి నడిచింది. "దీన్ని వాలులో మీరెలా దించుతారు?"

"ఇంజను ఆపి, చల్లారనిచ్చి, తాడు కట్టి దించుతాం," అన్నాడు పైపు. "సైలెన్సర్ హ్యాండిల్ వైపే ఉంటుంది, కుడి పక్క, మోకాలి కింద. నడుస్తున్న ఇంజన్ని పట్టుకుని వాలులో దిగితే అది కాలికి అంటుకుంటుంది. కొత్తలో నాకూ కాలింది. కాలగానే చెయ్యి దానంతటదే వదిలేస్తుంది."

"వదిలేస్తే?"

"ఇలా పోయి గుద్దుకుంటుంది." అతను స్తంభం వైపు చూశాడు.

డిటెక్టివ్ మేనేజరు వైపు తిరిగింది. "మీరు పొద్దుణ్ణించీ కుంటుతున్నారు. కుడి కాలు ప్యాంటు పైకి మడవండి."

"బాత్రూంలో జారి పడ్డాను మేడమ్..."

"మడవండి."

మేనేజరు వంగి, ప్యాంటు అంచు పైకి లాగాడు. పిక్క పక్కన తెల్లటి మందు పూసిన కాలిన గాయం, నాలుగు వేళ్ల వెడల్పున, బొబ్బ చిట్లి ఉంది.

"నేను చంపలేదు మేడమ్," అన్నాడు. మాట ఏడుపులోకి దిగింది. "మోతకి మీటింగు సాగడం లేదని... కొంచెం లోపలికి తోద్దామనుకున్నాను, అది చెయ్యి జారిపోయింది. ఆపడం నాకు రాదు. షట్టర్ దించితే మోత తగ్గుతుందని దించాను. లోపల మనిషి ఇటు వీపు పెట్టి కడుగుతూనే ఉన్నాడు, నీళ్ల హోరులో చూసుకోలేదు. బాగానే ఉన్నాడు మేడమ్, అప్పటికి బాగానే ఉన్నాడు."

"ఎవరు దించమన్నారు?"

మేనేజరు నోరు తెరిచి, ఎవరి వైపో చూసి, మూసుకున్నాడు.

"చాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అయితే ఇద్దరూ కలిసి చేశారన్నమాట. వీడు వదిలి వెళ్లాడు, వాడు తోశాడు. కుట్ర. ఇద్దర్నీ తీసుకెళ్తాను. పంచనామా అయిపోయింది, అందరూ పైకి నడవండి."

డిటెక్టివ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. పైపు ఆ సమయానికి మైలు దూరంలో ఉన్నాడని ఇప్పుడే లెక్కేసి చూపిస్తే, చూపించిన మరుక్షణమే ఈ మనిషి కుట్ర అంటున్నాడు. మొండివాడని ఆమెకి తెలుసు. తెలివితక్కువవాడు మాత్రం కాడు. మరి ఎందుకింత తొందర?

ర్యాంపు మీద రెండు నీడలు పడ్డాయి. ముందు చనిపోయినవాడి భార్య, ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దిగుతూ ఓనర్ల సంఘం సెక్రటరీ. సెక్రటరీ డెబ్బై దాటిన రిటైరైన టీచరమ్మ. చెవిలో వినికిడి మిషన్, మెడలో కళ్లజోడు తాడు, చేతిలో ఫోను.

"డిటెక్టివ్‌గారూ, ఇది మీరొకసారి వినాలమ్మా," అందావిడ. "నాకు చెవులు అంతంత మాత్రం. అందుకని మీటింగులన్నీ ఫోనులో రికార్డు చేసుకుని, తర్వాత తీరిగ్గా ఇయర్‌ఫోను పెట్టుకుని మినిట్స్ రాస్తాను. ఇందాక రాద్దామని కూర్చున్నాను. సగం విన్నాక చెయ్యి ఆడలేదు."

ఇన్‌స్పెక్టర్ రెండంగల్లో ఆవిడ ముందుకొచ్చాడు. "ఆ ఫోన్ ఇలా ఇవ్వండి. సాక్ష్యం కింద స్వాధీనం చేసుకుంటున్నాను."

టీచరమ్మ కళ్లజోడు పెట్టుకుని అతని ముఖంలోకి చూసింది.

"మీరు మూడో అంతస్తు ఫ్లాటు కొనుక్కున్న అబ్బాయి కదూ. టోపీ పెట్టుకుంటే గుర్తుపట్టలేదు. మొన్న ఆదివారమేగా మొదటిసారి మీటింగుకి వచ్చారు. నా పక్క కుర్చీలోనే కూర్చున్నారు."

మేనేజరు ఇందాక చూసింది ఎవరి వైపో డిటెక్టివ్‌కి అప్పుడు తెలిసింది. ఆమె టీచరమ్మ చేతిలోంచి ఫోన్ అందుకుని, ఇన్‌స్పెక్టర్‌కి వీపు పెట్టి, బటన్ నొక్కింది.

ముందు గోల. కుర్చీల చప్పుడు, దగ్గులు, వాటన్నిటి కింద ఇంజను మోత. తర్వాత ఒక మగ గొంతు, చాలా దగ్గర్నించి, స్పష్టంగా: "ఏంటయ్యా మేనేజరూ ఈ మోత. ఆ మిషన్ లోపలికి తోసేసి షట్టర్ దించు."

"లోపల మనిషున్నాడు సార్."

"ఉంటే ఉన్నాడు. వాడి పని లోపలేగా."

ఎవరో నవ్వారు. కాసేపటికి ఇనుప షట్టర్ దడదడమంటూ దిగింది. మోత సన్నబడింది, కానీ పోలేదు. లిఫ్టు రిపేరు గురించి మాటలు మొదలయ్యాయి. కొత్త లిఫ్టా, పాతదానికే మరమ్మతా అని వాదించుకుంటున్నారు. అంత సేపూ కింద ఇంజను ఒకటే తీరుగా గుర్రుమంటోంది.

ఉన్నట్టుండి మోత పలచబడింది. మళ్లీ బరువెక్కింది. పలచబడింది, బరువెక్కింది. మూడోసారి పలచబడింది.

"ఆపండి," అన్నాడు పైపు. "ఆపండి మేడమ్."

ఆమె ఆపలేదు. వినవలసినవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు.

"అది బావ," అన్నాడు పైపు. బేడీల చేతులు రెండూ గుండెకి ఆనించుకున్నాడు. "ఆ మోతలో ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడదు. గన్ మీట వదిలితే ఇంజను మీద బరువు తగ్గి మోత మారుతుంది. మూడుసార్లు వదిలాడంటే రమ్మని. ఏదో అయింది, వెంటనే రారా అని. ఇరవయ్యేళ్లలో నాలుగైదుసార్లు పిలిచాడేమో. పిలిచిన ప్రతిసారీ వెళ్లాను."

ఫోన్లో మళ్లీ మూడుసార్లు. నిమిషం తర్వాత మళ్లీ మూడు. కాళ్లు పడిపోయిన మనిషి గోడకి జారగిలబడి, ఇంకా వేలు కదులుతున్నంతసేపూ పిలుస్తూనే ఉన్నాడు. డిటెక్టివ్ పళ్లు బిగించి లెక్కపెట్టింది. లిఫ్టు కంపెనీ పేరు మీద ఓటింగు పెట్టారు. మళ్లీ మూడు. ఎవరో ఆడమనిషి, "కింద ఆ మిషనేదో ఆగి ఆగి వస్తోంది, ఒకసారి చూస్తే బాగుంటుందేమో," అంది. అదే మగ గొంతు, విసుగ్గా: "చెడిపోయుంటుంది లెండి. ముందు ఈ లిఫ్టు సంగతి తేల్చండి."

తొమ్మిదోసారి మూడు కాస్తా రెండయ్యాయి. పదకొండోసారి మోత ఒక్కసారే పలచబడింది. ఆ తర్వాత ఇంకేమీ మారలేదు. గన్ వదిలేసిన ఇంజను తేలిగ్గా, ఖాళీగా, అలాగే తిరుగుతూ ఉండిపోయింది.

డిటెక్టివ్ ఫోన్ ఆపింది. పైపు నేల మీద కూలబడిపోయాడు. నిర్దోషినని తేలిందన్న సంగతి అతని చెవికి ఎక్కినట్టే లేదు. "నేనుంటే వినేవాణ్ణి," అంటున్నాడు, మళ్లీ మళ్లీ అదే మాట.

"ఆ ఫోన్ ఇవ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతు మారిపోయింది. "మేడమ్, మనం కూర్చుని మాట్లాడుకుందాం. వాడు ఇలా... నాకేం తెలుసు? పొగ సంగతి నాకేం తెలుసు?"

"సోమవారం పొద్దుటికి తెలిసింది కదా. పోస్టుమార్టం రిపోర్టు మీ చేతికే వచ్చింది. తెలిశాక వీడికి బేడీలు వేశారు."

చనిపోయినవాడి భార్య ఇన్‌స్పెక్టర్ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆవిడ తల అతని భుజం దాకా కూడా రాదు.

"ఎన్నిసార్లు పిలిచాడు?" అని డిటెక్టివ్‌ని అడిగింది, అతని మీంచి కళ్లు తిప్పకుండానే.

"పదకొండు."

"పదకొండుసార్లు," అంది ఆవిడ అతనితో. "ఆ లోపల ఉన్నది మనిషని మీకు చెప్పారు కూడా. చెప్పారు కదా?"

ఇన్‌స్పెక్టర్ పక్కకి తప్పుకుని ర్యాంపు వైపు అడుగు వేశాడు.

హెడ్ కానిస్టేబులు వంగి పైపు చేతుల బేడీలకి తాళం తిప్పాడు. పైపుని లేపి వాళ్ల అక్క పక్కన నిలబెట్టాడు. తర్వాత, ఇరవైయారేళ్ల సర్వీసులో మొదటిసారి, పై అధికారికి సెల్యూట్ చెయ్యకుండా ర్యాంపుకి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. బేడీలు ఇంకా అతని చేతిలో తెరిచే ఉన్నాయి.